సర్వోత్తమ పైకప్పు

సునామీ వెళ్లిన మూడో ఏట, మా దీవిలో తుష్నాబాద్ దారిలో రేకుల షెడ్లలో ఉంటున్నవారికి ప్రపంచంలోకెల్లా గొప్ప పైకప్పు ఇవ్వాలని పైవారు నిర్ణయించారు. ఆర్నెల్లకని ఇచ్చిన షెడ్లు కనుక, తొందరపడకుండా మూడేళ్లు ఆలోచించడం ఎంతైనా ప్రశంసనీయం. ఇందుకోసం సర్వోత్తమ పైకప్పు నిర్ణాయక సంఘం వెలిసింది. గోల్ ఘర్‌లో కొట్టున్న నేనూ, నాలాంటి మరో ఇద్దరు తెలుగు పెద్దలూ అందులో సభ్యులం.

అధ్యక్షులు తిరుమలరావు గారు మెయిన్‌లాండ్ నుంచి కంప్యూటర్‌తో సహా ఓడ దిగారు. అబర్డీన్ బజార్ సభలో ఇలా సెలవిచ్చారు: "రేకు వంచి మేకులు కొట్టడం పాత పద్ధతి. మేము పదార్థం కడుపులోకే వెళ్తాం! వెంట్రుకకన్నా సన్నని గదులు, గోడలు దాని లోపల ఎక్కడెక్కడ ఉండాలో కంప్యూటర్ తేలుస్తుంది. లక్ష నమూనాలు గీస్తుంది. పనికిరానివి పారేస్తుంది. మిగిలినవాటికి పెళ్లిళ్లు చేసి పిల్లల్ని పుట్టిస్తుంది. ఆఖరికి నిలిచేదే సర్వోత్తమం!"

మేం చప్పట్లు కొట్టాం. అర్థమై ఉంటే అంత గట్టిగా కొట్టేవాళ్లం కాదు.

కంప్యూటర్‌కు షరతులు చెప్పాలి. తుఫానుకు ఎగరకూడదు, భూకంపానికి కూలకూడదు, ఓడలో తేవాలి కనుక వీలైనంత తేలిగ్గా ఉండాలి. ఇవన్నీ ఏసీ గదిలోనే తేలిపోయాయి. ఎంత వేడి వరకు లోపలి మనిషి సుఖంగా ఉంటాడన్నదొక్కటే మిగిలింది. ఆ అంకె కోసం మే నెల మిట్టమధ్యాహ్నం, ఆ షెడ్ల వరసలో ఉండే గురువమ్మ షెడ్డుకు వెళ్లాం.

లోపల నలభై నాలుగు డిగ్రీలు. కోడలు సాయిలక్ష్మి ఒళ్లో మూడు నెలల పాప ఒంటినిండా చెమటకాయలతో గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఎలా ఉన్నారమ్మా?" అన్నారు అధ్యక్షులు.

గడప తొక్కిన మనిషికి ముందుగా కష్టాలు వడ్డించడం మనలో మర్యాద కాదు కదా.

"బాగానే ఉన్నాం బాబూ," అంది గురువమ్మ.

నలభై నాలుగు డిగ్రీలు, సుఖం అని నమోదైంది.

కంప్యూటర్ పదకొండు రోజులు కష్టపడి తీర్పు చెప్పింది. అంత వేడిలోనూ సుఖంగా ఉన్నవారికి పైకప్పు లోపల గదులెందుకు, గోడలెందుకు? పల్చటి మామూలు రేకు చాలు. ఇంతకాలం సర్వోత్తమం కిందే కాపురం ఉంటూ వాళ్లకా సంగతి తెలియలేదు, పాపం.

ఈ వార్త విని గురువమ్మ కొడుకు నూకన్న సంఘం ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు.

"సాబ్, మాయమ్మ మొగమాటానికి అలాగన్నాదండి. పాపకి ఈ రేకు గర్మీ వల్లే ఒళ్లంతా ఇలాగైందని డాక్టర్ భయ్యా సెప్పాడు. ఇంకొక్కపాలి వచ్చి అడగండి."

అధ్యక్షులు దయామయులు. మర్నాడే మమ్మల్ని వెంటబెట్టుకుని మళ్లీ బయలుదేరారు. ఈలోగా నూకన్న తల్లికి నూరిపోశాడు: "అమ్మా, ఈపాలి ఉన్నదున్నట్టు సెప్పియ్యి." ఆమె సరేనంది.

తీరా అధ్యక్షులు చెమటలు కక్కుతూ లోపల అడుగుపెట్టేసరికి గురువమ్మ ప్రాణం ఊరుకోలేదు. ఉన్న ఒక్క కుర్చీ ఆయనకు వేసింది. పాపకు విసురుతున్న అట్టముక్కతో ఆయనకు విసరడం మొదలుపెట్టింది.

"సెప్పమ్మా," అన్నాడు నూకన్న.

"శానా వేడి బాబూ. పిల్ల తట్టుకోలేకపోతంది," అంది గురువమ్మ, విసురుతూనే.

అధ్యక్షులు కళ్లు మూసుకుని, "వేడా? హాయిగా ఉందే!" అన్నారు. కళ్లు తెరిచి, గాలి ధారాళం అని నివేదికలో రాశారు. పాప ఏడుస్తూనే ఉంది.

నివేదిక మా ముందుకు వచ్చింది. అబద్ధాలకు సంతకం పెట్టే మనుషులం కాము మేము. కుర్చీ వెనకే నిలబడ్డాం కనుక ఆ గాలి మాకూ తగిలింది. నిజంగానే చల్లగా ఉంది. ముగ్గురం పెట్టాం.