మరోదా చెరువు మీద విమానం

ఆదివారం ఉదయం తొమ్మిదింటికల్లా మరోదా చెరువుగట్టు మీద కుర్చీ వేసుకోవాలన్నది సత్యమూర్తి పథకం. ఈ హిందీ ఊరి స్టీల్ ప్లాంటులో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరై, సెక్టర్ 2లో ఉంటున్నాడు. కుడికంటి చూపు తగ్గిపోతోందని, మందులకు ఆగితే ఆగొచ్చని డాక్టరు కిందటి వారమే చెప్పాడు. చిన్నప్పుడు విశాఖలో సముద్రం మీంచి తల రాసుకుంటున్నట్టు దిగే విమానాలను చూసి పెరిగినవాడు. నలభై ఏళ్లుగా సరదాకి ఫోటోలు తీస్తున్నాడు; అలాంటి ఫోటో ఒక్కటి, ఆ కన్ను పనిచేస్తుండగానే తీసుకోవాలని ఆయన కోరిక. ఇక్కడ సముద్రం లేదు. ప్రతి ఆదివారం చెరువు మీంచి కిందుగా పోయి ఎక్కడో అవతల దిగే శిక్షణ విమానం మాత్రం ఉంది.

"పదింటికి చెరువు మీంచి దిగుతాదే. తీసేసి వచ్చేస్తాను," అని భార్య తులసమ్మతో చెప్పి స్కూటరెక్కాడు.

పక్క క్వార్టరు ఇంద్రాణి తొంగిచూసింది. "ఏటి పిన్నీ, బాబాయిగారు కుర్చీ కట్టుకుని పోతన్నారు?"

"మరోదా చెరువు మీద విమానం దిగుతాదటమ్మా."

తులసమ్మ అన్నది అంతే. ఇంద్రాణి దాన్ని కాలనీ ఆడవాళ్ల గ్రూపులో పెట్టింది. అక్కడ అది నీళ్ల మీద దిగే విమానమైంది. మరో గ్రూపుకు చేరేసరికి దానికి ప్రారంభోత్సవం కుదిరింది. మూడో గ్రూపులో తొలిరోజు టికెట్ ఉచితం.

తొమ్మిదిన్నరకు గట్టు మీద రెండొందల మంది ఉన్నారు. గుప్‌చుప్ అనే పానీపూరీల బండి కూడా వచ్చింది. పెద్ద కెమెరాతో కుర్చీలో కూర్చున్నది సత్యమూర్తి ఒక్కడే కనుక, అధికారి ఆయనేనని అందరూ ఖాయం చేసుకున్నారు. కాంట్రాక్టరు రాజాబాబు, ఎందుకైనా మంచిదని తెచ్చిన బంతిపూల దండ ఆయన మెడలో వేసేశాడు.

"సర్‌జీ, మా అమ్మని ఫస్ట్ ట్రిప్‌లో ఎక్కించండి."

"నేనెవర్నీ కాను బాబూ. ఫోటో తీద్దామని వచ్చాను."

"సమఝ్ గయా సర్, అర్థమైంది. ఎవరికీ చెప్పను."

రాజాబాబు తల్లి వరమ్మ పట్టుచీర కట్టుకుని, చేతిలో చిన్న సంచితో వచ్చింది. "మా ఇంటి మీంచి ఎల్తాదా నాయనా? మా మేడ పైనుంచి ఎలాగుంటాదో సూడాల."

సత్యమూర్తి లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు.

ఇంతలో కానిస్టేబుల్ వచ్చాడు. "కెమెరా కిస్‌కా హై? పర్మిషన్ కహా హై?" అని, ఎవరిదిది, అనుమతేదని గద్దిస్తూ కెమెరా లాక్కున్నాడు. సత్యమూర్తి వివరించబోతుండగానే ఆకాశంలో మోత వినిపించింది.

విమానం దిగుతోందని జనం ముందుకు ఉరికారు. అది తమ మీదికే వస్తోందని వెనక్కి పరుగెత్తారు. కెమెరా కోసం చాచిన సత్యమూర్తి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఒక కన్ను మూసి, కెమెరా చిన్న అద్దంలోంచే చూశాడు. ఇప్పుడు రెండు కళ్లతో చూశాడు. తెల్లటి పొట్ట, చక్రాలు, నీళ్ల మీద పరుగెత్తే నీడ. మసకబారిన కంటికి కూడా అంతా అందింది. 

విమానం చెట్ల అవతలికి పోయింది. "ఠగ్ లియా! మోసం!" అని జనం గోల. వరమ్మ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"మళ్లీ ఎప్పుడొస్తాది నాయనా?"

"వచ్చే ఆదివారం వస్తాదమ్మా. మీ పక్కనే కూచుంటాను."

విమానం మీదికొచ్చినప్పుడు హడలిపోయిన కానిస్టేబుల్ కెమెరాలో ఎక్కడో నొక్కేశాడు. చూస్తే ఒక్కటే ఫోటో. తలల మీద విమానం, దాని కింద నోరు తెరిచిన సత్యమూర్తి, పక్కన విమానానికి చెయ్యూపుతున్న వరమ్మ. నలభై ఏళ్లలో సత్యమూర్తి అంత మంచి ఫోటో తీసి ఎరుగడు.

తులసమ్మ దానికి పటం కట్టించింది. కింద తన పేరు వేయించారా లేదా అని కానిస్టేబుల్ ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు.