డాక్టర్ మురళీధర్ సముద్రం చూసిన విధం

కారు దిగి తిరిగితేనే ఊళ్లు చూసినట్టని ఎవరన్నారో గానీ, వాళ్లకు సెలవులు ఎక్కువై ఉండాలి. లీడ్స్‌లో మత్తుడాక్టరుగా పనిచేసే మురళీధర్‌కు అంత తీరిక లేదు. ఆయనకు డిజిటల్ కెమెరా ఉంది. ఇంతకంటే వరమేముంటుంది? చూడడమనే చాకిరీ అంతా అదే చేసి పెడుతుంది!

ఆగస్టు బ్యాంక్ హాలిడేకి భార్య పద్మజనూ, కూతురు హైమనూ ఎక్కించుకుని యార్క్‌షైర్ తీరానికి బయల్దేరాడు. పాడుబడ్డ అబ్బీ మఠం ముందు ఒక ఫోటో. లైట్‌హౌస్ ముందు ఇంకోటి. జలపాతానికి కిటికీ అద్దం దించితే సరిపోయింది. జాలర్ల పల్లెలో హైమ ఐస్‌క్రీమ్ అడిగితే, "లీడ్స్‌లో దొరకదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే కదా?

"కాసేపు నీళ్లలో నిలబడతానండీ. బందరు వదిలాక సముద్రంలో కాలు పెట్టలేదు," అంది పద్మజ.

"ఫోటోలో కాళ్లు పడవులే. పద, ఇంకా మూర్స్ చూడాలి."

మూర్స్ అనే ఆ బీడు కొండల మీద కనుచూపుమేరా ఊదారంగు పూలు. రోడ్డుకడ్డంగా పడుకున్న గొర్రెలు. హారన్ కొడితే ఒక గొర్రె తలతిప్పి ఆయన్ని చూసి, మళ్లీ నెమరు వేసుకోసాగింది. కన్సల్టెంట్ డాక్టరన్న మర్యాదైనా లేదు దానికి.

పద్మజ తలుపు తీసుకుని దిగింది. వెనకే హైమ.

"ఎక్కడికి?"

"అదుగో బస్‌స్టాప్. మేం బీచ్‌కి పోతాం. మీరన్నీ చూసుకుని, సాయంత్రం అక్కడికొచ్చి ఎక్కించుకోండి."

"అండ్ ఐస్‌క్రీమ్, మమ్?" అంది హైమ.

తిరిగొస్తారని కాసేపు చూశాడు. రాలేదు. గొర్రెలు లేచి దారిచ్చాయి. ఇంకా ఒక కోట మిగిలి ఉంది. వెళ్లాడు. కోట ముందు చేయి చాచి తన ఫోటో తానే తీసుకుంటే సగం ముఖమే పడింది. మళ్లీ తీశాడు. ఈసారి కోట పడలేదు.

ఆ తర్వాతి ఆదివారం స్నేహితుడు సంజీవ్ ఇంట్లో కెమెరాని టీవీకి తగిలించి అన్నీ చూపించాడు. బల్ల మీద భోజనం చల్లారిపోతోంది.

"ఇంతకీ సముద్రం ఎలా ఉందండీ?" అంది సంజీవ్ భార్య ప్రఫుల్ల.

మురళీధర్ గబగబా బటన్ నొక్కుతూ సముద్రం ఫోటో కోసం వెతకసాగాడు.

"కాళ్లు కొంకర్లు పోయాయనుకో. అయినా మోకాళ్లదాకా దిగాం. ఒక అలకి ఇది పడిపోయి నన్నూ లాగేసింది," అంది పద్మజ. హైమ పకపకా నవ్వింది.

అందరూ టీవీ వదిలి అటు తిరిగారు. మురళీధర్ కూడా తిరిగాడు.

"అలలు పెద్దవేనా?" అని అడిగాడు, ఆ తీరానికెప్పుడూ వెళ్లనివాడిలా.