సుల్తానాబాద్ మీదుగా మెట్‌పల్లికి

కారులో దారి చెప్పే యంత్రం ఉన్న ఇంట్లో గొడవలు ఉండవు. ఈ మాట బాధ్యతతోనే రాస్తున్నాను. ఎందుకంటే గొడవలన్నీ యంత్రం బిగించకముందే అయిపోతాయి!

మా ఇంట్లో మొన్న ఆదివారం పొద్దున జరిగింది అదే. మావారు ఓంప్రకాశ్ కరీంనగర్ బజారు నుంచి ఒక ఫోన్ స్టాండు తెచ్చారు. పెద్ద స్క్రీను కొనేముందు, ఫోన్లో మ్యాప్ పెట్టుకుని వారం రోజులు పరీక్షించాలని ఆయన ప్లాను. స్టాండు పెట్టాల్సింది డాష్‌బోర్డు నడిమధ్యలో. అక్కడ ఎనిమిదేళ్లుగా కొండగట్టు అంజన్న ఉన్నాడు.

"దేవున్ని జరిపి ఫోను పెడ్తవారా?" మా అత్తమ్మ శంకరవ్వ గేటు దగ్గరి నుంచే కేకేసింది.

"జరుపుడు కాదవ్వా, జర పక్కకు..."

"పక్కకంటె జరుపుడే గద! మరి జరుపుడంటె మీదికి లేపుతరా?"

మా అమ్మాయి భవ్యశ్రీ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. స్టాండును ఎడమవైపు పెట్టమని రాజీ చెప్పింది. ఎడమవైపు నా సీటు ముందు ఏసీ గాలి వచ్చే జాలీ ఉంది. ఫోను పెడితే నాకు గాలి రాదు. నేను ఒప్పుకోలేదు. అరగంట వాదన తర్వాత అంజన్న కదల్లేదు, నా గాలి ఆగలేదు, ఫోను మాత్రం కుడివైపు మూలకు వెళ్లింది. అక్కడ ఎండ పడి స్క్రీను మీద ఏమీ కనిపించదు. అందరం తృప్తి పడ్డాం.

ఇంత తొందర ఎందుకంటే, ఈ నెల పద్దెనిమిదో తారీఖు ఆదివారం పొద్దున పదిన్నర లోపు మేము మెట్‌పల్లిలో ఉండాలి. మా తల్లిగారింట్లో నాకు ఒడిబియ్యం పోస్తున్నారు. మంచి గడియ దాటకముందే ఇద్దరం పీటల మీద కూర్చోవాలి. రెండేళ్ల కింద ఇదే పని మీద బయలుదేరి సమయానికి చేరలేకపోయాం. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు యంత్రం సంగతి.

దీని గురించి రాయడానికి నాకేం అర్హత ఉందని అడుగుతారా? బీఏలో నా సబ్జెక్టు జాగ్రఫీ. పైగా ఆయన పక్కన ముందు సీట్లో కూర్చున్న ఇరవై మూడేళ్ల అనుభవం. రెండోది ఏ యూనివర్సిటీలోనూ నేర్పరు.

యంత్రం రాకముందు మన దగ్గర ఏ సిస్టం ఉండేది? మనుషులను అడిగే సిస్టం. చాయ్ హోటల్ ముందు కారు ఆపి అడిగితే నలుగురు లేచి వచ్చి నాలుగు దిక్కులు చూపిస్తారు. "గీడనే" అంటే రెండు కిలోమీటర్లు. "గింతంత దూరం" అంటే ఆరు. "పోతనే ఉండుండ్రి, ఒస్తది" అంటే ఇక పెట్రోలు చూసుకోవాలి! గుర్తులు చెప్పమంటే పాత టాకీసు ఎదురుగా అంటారు. టాకీసు కూలగొట్టి పదిహేనేళ్లయింది. అది తెలిసినవాడికి దారి అడిగే అవసరమే ఉండదు.

రెండోది చుట్టాలకు ఫోన్ చేసే సిస్టం. మా తమ్ముడు బాలమల్లుకు ఇందులో మంచి పేరుంది. "అక్కా, ఏడిదాక వచ్చిండ్రు?" అని అడుగుతాడు. ఇంట్లో చెప్పులు వేసుకుంటూ "గంగాధర దాటినం" అంటాం. వాడు దాన్ని బట్టి ఎక్కడ తిరగాలో చెబుతాడు. మేము ఇంకా వీధి మలుపు కూడా తిరిగి ఉండం.

మూడోది ఓంప్రకాశ్ సిస్టం. దీనికి స్క్రీను అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, నిజం అక్కర్లేదు. "నాకు తెల్వదా?" అనే ఒక్క మాట మీద నడుస్తుంది. దీనికి వారంటీ లేదు, వాపసు లేదు.

ఇప్పుడు యంత్రాన్ని చూడండి. మలుపు తప్పితే ఏం చేస్తుంది? మూతి ముడవదు. "నేను ముందే చెప్పలేదా?" అనదు. రెండు రోజులు మాట్లాడటం మానేయదు. కొత్త దారి వెతికి, అంతే మర్యాదగా "ముందుకు వెళ్లి కుడివైపు తిరగండి" అంటుంది. ఈ ఓపిక నాకు ఉంటే నేనూ ఈ పాటికి ఎంత మంచి పేరు తెచ్చుకునేదాన్ని!

మా ఇంట్లో ఆయనను "అండి" అనేవాళ్లం ఇప్పుడు ఇద్దరం, నేనూ అదీ. బైపాస్ మీదుగా పోదామని నేను నాలుగేళ్లుగా చెబుతున్నాను. "నీకేం ఎర్క, గాడ అన్ని లారీలే" అనేవారు. సోమవారం అది ఒక్కసారి చెప్పింది. వెంటనే తిప్పారు. తిప్పి నాకు వివరించారు కూడా: "సూసినవా? బైపాస్ మస్తు ఖాళీ ఉంటది. జర తెల్సుకోవాలె." తెలుసుకున్నాను.

అయితే దీని అసలు గొప్పతనం నాకు బుధవారం అర్థమైంది. ఉట్నూరు గిరిజన సంక్షేమ ఆఫీసులో ఆయనకు పని పడింది. పరీక్షకు సాక్షిగా నేనూ కారెక్కాను. జన్నారం దాటి అడవిలోకి వెళ్లాక సిగ్నల్ పోయింది. అది నోరు మూసుకుంది. ఆలోచించండి! తెలియని చోట మాట్లాడకుండా ఉండటం ఎంత పెద్ద సంస్కారం! ఆయన మాత్రం "ఇగ నాకిడిసి పెట్టు" అని ఒక మట్టిదారి పట్టారు. అర్ధగంట పోయాం. ఎదురుగా జీపు వచ్చి ఆగింది. దిగిన డ్రైవరు మా కారునూ, మమ్మల్నీ జాలిగా చూశాడు.

"ఏడికి సారూ?"

"ఉట్నూరుకు."

"గీ తొవ్వ ఉట్నూరుకు పోదు సారూ. మా పత్తి చేనుకే పోతది."

"ఇంతకుముందు పోతుండె గద?"

"ఎన్నడు పోలే సారూ."

వెనక్కి తిప్పేటప్పుడు ఆయన నాతో అన్నది: "ఈళ్లు తొవ్వలన్ని మార్చిన్రు."

గురువారం పెద్ద స్క్రీన్లు చూడటానికి దుకాణానికి వెళ్లాం. దుకాణం నడిపే గోపాల్ పది రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో సినిమాలు వస్తాయి. ఒకదాంట్లో వెనక ఏముందో కనిపిస్తుంది. ఒకదాని చుట్టూ రంగుల లైట్లు వెలుగుతాయి. "మరి దారి?" అని అడిగాను. "గది గుడ సూపిస్తది మేడం" అన్నాడు, ఊరగాయ కూడా వేస్తాం అన్నట్టు.

నేను అడిగింది ఒక్కటే. "ఇది దూరాన్ని ఉన్నది ఉన్నట్టు చెబుతుందా?" గోపాల్ వింతగా చూశాడు. దూరం ఇంకెలా చెబుతారని అతని అనుమానం. అతనికి ఇంకా పెళ్లి కాలేదు.

విషయం ఏమిటంటే, సుల్తానాబాద్‌లో మా ఆడబిడ్డ అనసూర్య ఇల్లు ఉంది. చాలా మంచి మనిషి. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు ఆమె ఇల్లు ఉన్న చోటు మీద. మేము ఎక్కడికి వెళ్లినా ఆ ఇల్లు దారిలోనే ఉంటుంది! వేములవాడకు పోతే దారిలోనే. హైదరాబాద్ పోతే దారిలోనే. జగిత్యాలలో పెళ్లికి పోతే మరీ దారిలో. "తొవ్వల్నే గద, జర చాయ్ తాగిపోదాం" అంటారు.

మెట్‌పల్లి మాత్రం ఎప్పుడూ దేనికీ దారిలో ఉండదు. కొండగట్టు దాకా పోయి, అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే మా తల్లిగారిల్లు. "ఇంకో మాటు పోదాం, జర దూరమైతది" అని వెనక్కి తిరుగుతాం. జాగ్రఫీ చదివిన నాకే, ఊళ్లు చక్రాల మీద కదులుతాయేమో అన్న సందేహం కలిగింది.

ఫోన్లో చూశాను. కరీంనగర్ నుంచి మెట్‌పల్లి ఎనభై అయిదు కిలోమీటర్లు, పడమటి వైపు. సుల్తానాబాద్ ముప్పై లోపు, తూర్పు వైపు. మా వీధి చివర ఒకదానికి ఎడమకు తిరగాలి, ఇంకోదానికి కుడికి. ఏ మొహమాటమూ లేకుండా, ఏ చుట్టరికమూ చూడకుండా నీలం గీత గీసి చూపించింది. ఇరవై మూడేళ్లలో నా వైపు మాట్లాడిన మొదటి సాక్షి! దానికి గుడి కట్టించాలనిపించింది. అంజన్న పక్కనే.

రెండేళ్ల కింద సంగతి చెబుతానన్నాను. మా దగ్గర ఒడిబియ్యం బేసి సంవత్సరాల్లోనే పోస్తారు. కిందటిసారి పోసినప్పటి నుంచి లెక్కేస్తే అది అయిదో ఏడు. పొద్దున ఆరింటికే బయలుదేరాం, సుల్తానాబాద్ మీదుగా. చాయ్ అన్నారు. చాయ్ తర్వాత పూరీలు వచ్చాయి. పూరీల తర్వాత, ఇంత దూరం వచ్చి తినకుండా పోతారా అని నాటుకోడి వచ్చింది. మెట్‌పల్లి చేరేసరికి ఒంటిగంటన్నర. గడియ దాటిందని, పూజ చేయించే అయ్యగారు వెళ్లిపోయారు. తర్వాత మూఢం వచ్చింది. ఆ పైన ఆరో ఏడు వచ్చింది. సరి సంవత్సరం పనికిరాదు.

నన్ను కన్న మా అవ్వ బుచ్చవ్వ పసుపు కలిపి పెట్టిన బియ్యం గంప మీద గుడ్డ కప్పింది. "అన్నం తింటరా బిడ్డా?" అని మాత్రం అడిగింది. మేము తినే వచ్చాం.

ఇది ఏడో ఏడు. అందుకే ఈ యంత్రం మీద నాకింత ప్రేమ.

నిన్న రెండో శనివారం, అందరం ఇంట్లోనే ఉన్నాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఇగ ఫైనల్. పదించుల స్క్రీను. మంగళవారం బిగిస్తరు. పద్దెనిమిదికి దాని మీదనే మెట్‌పల్లి."

నాకు కడుపు నిండిపోయింది. ఆయన పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేశాను.

"పొద్దుగాలనే ఎల్తం. అనసూర్యకు ఫోన్ జేసి చెప్పిన. జర చాయ్ తాగి..."

"సుల్తానాబాద్ తొవ్వల లేదు డాడీ," అంది భవ్యశ్రీ.

"ఎందుకు లేదే? ఇగో సూడు." ఆయన ఎడమచేత్తో ఫోను తీశారు. మెట్‌పల్లి అని కొట్టారు. కింద ఇంకో చోటు చేర్చే బటన్ ఉంటుందట. దాని మీద వేలు పెట్టి సుల్తానాబాద్ చేర్చారు.

అది ఒక్క క్షణం ఆలోచించింది. అభ్యంతరం చెబుతుందనుకున్నాను. కనీసం, ఇదేం దారండీ అని అడుగుతుందనుకున్నాను. నీలం గీత మెల్లగా తూర్పుకు పాకింది. సుల్తానాబాద్ చుట్టి, మళ్లీ పడమటికి వచ్చి మెట్‌పల్లి చేరింది. నూట నలభై కిలోమీటర్లు. దానికి ఏ ఇబ్బందీ లేదు. మర్యాదగా, "ఇదే మీకు అనుకూలమైన మార్గం" అంది.

"సూసినవా?" అన్నారు ఆయన. "తొవ్వల్నే ఉన్నది!"

పాఠకులారా, యంత్రాన్ని తప్పు పట్టకండి. అది మొదట అడిగేది "ఎక్కడికి వెళ్లాలి?" అనే. ఇన్నేళ్లలో మా కారులో ఎవరూ అడగని ప్రశ్న అది. ఎంత మంచి ప్రశ్న! కానీ ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్లనే అడుగుతుంది. ఇన్నాళ్లూ మేము దారి తెలియక ఆలస్యంగా చేరుతున్నామని నేనే పొరబడ్డాను. ఆయనకు మెట్‌పల్లి దారి మొదటి నుంచీ తెలుసు.

నేను పప్పు గిన్నె కింద పెట్టాను.

"పద్దెనిమిది నాడు నేను పొద్దుగాల మొదటి బస్సుకు పోత. మెట్‌పల్లి బస్సు. అది సుల్తానాబాద్ పోదు."

ఆయన చెయ్యి పప్పన్నంలో ఆగిపోయింది. "కారు పెట్టుకొని బస్సులనా? ఒక్కదానివా?"

"ఒక్కదాన్నే. పీట మీద ఇద్దరు గూసోవాలె. పదిన్నరకు ముందు మీరు అక్కడుండాలె. దేంట్ల వస్తరో, ఏ తొవ్వల వస్తరో మీ ఇష్టం."

ఆయన సాయం కోసం అత్తమ్మ వైపు చూశారు. నేనూ చూశాను. కూతురి ఇంటి చాయ్ కాదన్నాను మరి, తుఫాను వస్తుందనుకున్నాను. ఆమె మజ్జిగ పూర్తిగా తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"మీ బాపు గుడ గంతే," అంది కొడుకుతో. "మా తల్లిగారింటికి బండి కట్టినప్పుడల్లా ఎవడో దోస్తు ఇంటికాడ ఆపుతుండె. నాకు ఒక్కసారి గుడ గడియకు ఒడిబియ్యం పొయ్యలే." తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "భవ్యా, ఫిరీ బస్సుకు నా ఆధార్ కార్డు ఏడున్నదో దేవులాడు బిడ్డా. బస్సుల కిటికి పక్క సీటు నాకే."