అరవై దాటితేనే ఇస్తారట

...అయినా పంపించడం వేరు, పంపించేయడం వేరు. మొదటిదాంట్లో ప్రేమ ఉంటుంది. రెండోదాంట్లోనూ ఉంటుంది, కాకపోతే అది మనమీద మనకుండే ప్రేమ. తను చేయబోయేది మొదటిదేనని మాల్యాద్రి తేల్చుకునేసరికి తెల్లవారి ఐదయింది. భుజాన తువ్వాలు, నోట్లో బ్రష్షు. బాత్రూములో నాయన.

నాయన గురుస్వామి ఆర్టీసీ కండక్టరుగా రిటైరై పన్నెండేళ్ళు. అయినా ఆత్మకూరులోని కొడుకింటిని ఉదయగిరి బస్సులాగే నడుపుతున్నాడు. నాలుగున్నరకే "ఫస్టు సర్వీసు!" అని కేకేసి అందరినీ లేపుతాడు. సోఫాలో ఇద్దరు కూర్చుంటే "ముగ్గురి సీటది, జరగండి" అంటాడు.

మాల్యాద్రి జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. పిల్లకాయలు పెట్టిన పేరు సైలెంట్ లెటరు. ఇంట్లోనూ అంతే. స్పెల్లింగులో ఉంటాడు, పలకడు.

అతనికి కావలసింది ఒక్కటే. అమ్మానాయనలు వెళ్ళాలి, తను మంచి కొడుకుగానే మిగలాలి. అంటే, పంపమని వాళ్ళే అడగాలి. ఉదయగిరి కొండ కింద కొత్తగా కట్టిన 'వెన్నెల వనం' వాళ్ళ రంగుల కాగితం అందుకే తెచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర దాన్ని విప్పాడు.

"ఇది వృద్ధాశ్రమం కాదమ్మా. డైవర్స్, యాక్టివ్ కమ్యూనిటీ," అన్నాడు, నిఘంటువులో ఎలా ఉందో అలాగే పలికి.

"ఏ కమ్యూనిటీరా? ఓసీనా, బీసీనా?" అన్నాడు గురుస్వామి.

"అందరూ కలిసే ఉంటారు నాయనా."

"ఎలక్షన్లు వచ్చినాయేందిరా?"

అమ్మ వెంగమ్మ చేతిలో పప్పుగరిటె గాల్లోనే ఆగింది. "ఆ ముందుది మళ్ళీ చెప్పు అబ్బయా."

"డైవర్స్."

"ఈ వయసులో ఇస్తారంటనా?"

"ఈ వయసుకే ఇస్తారమ్మా. అరవై దాటుండాల."

"కోర్టుండాదా?"

మాల్యాద్రి హుషారుగా షటిల్ కోర్టు బొమ్మ మీద వేలు పెట్టాడు. "రెండుండాయి! నువ్వూ నాయనా చెరోపక్క నిలబడొచ్చు. మధ్యలో వల గూడా కట్టినారు."

"మంచి పని చేసినారు, మీదికి రాకుండా." వెంగమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. "నేను పోతా."

మాల్యాద్రి పెళ్ళాం పావని అతన్ని వంటింట్లోకి లాగింది. "ఏం మంత్రమేసినావయ్యా?"

"ఇంగ్లీషు."

"నువ్వు తెలుగులో మాట్లాడితేనే నాకర్థం కాదు, ఆమెకి ఇంగ్లీషు అర్థమయిందా?"

ప్రశ్న మంచిదే. మాల్యాద్రి దాన్ని తరవాత ఆలోచిద్దామని పక్కన పెట్టాడు. అలాంటి ప్రశ్నలు దాచుకోవడానికి అతని మనసులో అటక చాలా పెద్దది.

మర్నాడు వెంగమ్మ మొగుడికన్నా ముందే లేచి, సంచి సర్దుకుని కారెక్కి కూర్చుంది.

వెన్నెల వనంలో మేనేజరు రేణుకాదేవి ఫారం తీసి, "ఇక్కడికి ఎందుకు రావాలనుకుంటున్నారమ్మా?" అని అడిగింది.

"డైవర్స్ కోసం. మా అబ్బయే చెప్పినాడు. కోర్టు గూడా ఈడనే అంట."

రేణుకాదేవి మాల్యాద్రిని చూసింది. పావని కూడా మాల్యాద్రినే చూసింది. గురుస్వామి కిటికీలోంచి కొండను చూశాడు.

"డైవర్స్ అంటే విడాకులు కాదమ్మా. రకరకాల మనుషులు కలిసుండడం."

"అంటే ఈయనతోనే ఉండాలనా?"

"ఇద్దరికీ ఒకే రూము."

"ఇంట్లోనూ అదే గదా! దానికింత దూరం రావాలనా?"

గురుస్వామి కొండ మీంచి చూపు ఇటు తిప్పాడు. "నేనేం తక్కువ చేసినానే నీకు?"

"తక్కువేముండాది? యాభై ఏళ్ళు కూర్చో అంటే కూర్చున్నా, జరుగు అంటే జరిగినా. దిగుతానంటే ఒక్కనాడన్నా బెల్లు కొట్టినావా?"

మాల్యాద్రి మనసులో సగం అమ్మకు చప్పట్లు కొట్టింది. మిగతా సగానికి మాత్రం నాయన ఒక్కడే తనకు మిగులుతాడేమోనని భయం పట్టుకుంది.

"సింగిలు రూము ఉండాదా?" అంది వెంగమ్మ.

"ఉందమ్మా. నెల రోజులు ఉండి చూడండి. తోడుగా ఒక ఆడమనిషి ఉండొచ్చు."

"నేనుంటా," అంది పావని.

"నీకు అరవై రాలా గదే!"

"నీతో కాపురం ఏడాదికి రెండేళ్ళ సర్వీసయ్యా. నాకు ఎప్పుడో దాటిపోయినాయి."

"మరి మేము?"

"మామ యాక్టివ్, నువ్వు డైవర్స్. ఇద్దరూ కమ్యూనిటీగా ఉండండి."

పంపాలనుకున్నవాళ్ళలో వెళ్ళింది సగమే. అదీ వంటొచ్చిన సగం. పైగా పెళ్ళాం కొసరు.

తండ్రీకొడుకులు ఆత్మకూరు చేరేసరికి రెండు దాటింది. గురుస్వామి బల్ల దగ్గర ఖాళీ కంచం ముందు కూర్చున్నాడు. "అబ్బయా, ఆమె నిజంగానే అడిగిందంటావా?"

మంచి కొడుకు చెప్పదగిన జవాబులు నాలుగైదు మాల్యాద్రి నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పెరట్లోకి వెళ్ళి రేణుకాదేవికి ఫోను చేశాడు.

"మేడం, డబుల్ రూము ఒకటి... మా నాయనకీ, నాకూ."

"మీకు వయసు చాలదు సార్. మీ నాయనగారిని నెల దాకా రానివ్వద్దని మీ అమ్మగారు రాసిచ్చారు." వెనక క్యారంబోర్డు టకటక, పావని నవ్వు.

లోపలికి వచ్చేసరికి గురుస్వామి తలెత్తాడు. "ఏమంట?"

"సీట్లు లేవంట నాయనా."

మాల్యాద్రి వంటింట్లోకి వెళ్ళి డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూశాడు. ఐదో డబ్బాలో బియ్యం దొరికాయి. రెండు గ్లాసులు గిన్నెలో పోసి, చొక్కా చేతులు పైకి మడిచి, కడగడం మొదలుపెట్టాడు.