మగ్గం పాఠాల బ్యాకప్

సుమన తడి దుప్పటి పిండుతూనే గదిలోని ల్యాప్‌టాప్ వంక చూస్తోంది. తెర మీద పచ్చగీత నత్తలా జరుగుతోంది. పాఠాల వెబ్‌సైటు మధ్యాహ్నం పన్నెండుకు మూతపడుతుంది. ఈలోగా బ్యాకప్ తయారైతే చాలు. దుప్పట్లు ఆరేసి, పప్పు పొయ్యి మీద పెట్టి, ఆ ఫైలును తీరిగ్గా దించుకోవచ్చని ఆమె అనుకుంది.

ఆ పాఠాలు మామ దశరథానివి. భేస్తాన్ మగ్గాల పేటలో ముప్ఫై ఏళ్లు పవర్‌లూమ్‌లు బాగుచేసిన మనిషి. మొరాయించిన మగ్గం దగ్గర నిలబడి ఆయన చెప్తుంటే సుమన ఫోన్‌లో తీసి, నలభై రెండు పాఠాలు సైట్లోకి ఎక్కించింది. ఫోన్‌లో చోటు చాలక ఎక్కించినవి ఎక్కించినట్టే చెరిపేసింది. ఆ పాతరకం మగ్గాలు పోయిన నెల తుక్కు కింద అమ్ముడుపోయాయి. మళ్లీ తీద్దామన్నా అలాంటివి లేవు.

దశరథానికి ఒక నియమం ఉంది. ముందర మనిషి లేకుండా యంత్రం నడవకూడదు. తెగిన పోగును చూసేవాడు లేకపోతే బట్టంతా పాడవుతుందని ఆయన భయం. ఈ లెక్కన టీవీ, కూలరు, మిక్సీ ఎన్నోసార్లు మధ్యలో ఆగాయి. ఆ ఇంట్లో పచ్చడి నున్నగా తిన్నవాళ్లు లేరు.

దుప్పట్లు ఆరేసి సుమన మేడ మీంచి దిగేసరికి ల్యాప్‌టాప్ మూసి ఉంది. దశరథం దాని తీగ చుట్టబెడుతున్నాడు.

"ఏం జేసినవ్ మామా!"

"అది ఆగింది బిడ్డా. ఆగినంకనే నేను..."

"ఎట్ల ఆగుతది? నువ్వు బంద్ జేస్తే ఆగింది! గిది గూడ మిక్సీ అనుకున్నవా?"

"జర చెప్పేది ఇను."

"ఏం ఇనాలె? మామా, ఓ మామా, ఎంత పని జేస్తివే!"

పెళ్లయిన నాలుగేళ్లలో ఆమె గొంతు ఎప్పుడూ గోడ దాటలేదు. ఆ రోజు దాటింది. ఏడుస్తూనే ల్యాప్‌టాప్ తెరిచింది. సైట్లో బ్యాకప్ ఫైలు ఒకటి కనిపించింది. అది సగమే అయినదని సుమనకు అనుమానం కాదు, నమ్మకమే కలిగింది. సైటు ఒక్క ఫైలునే ఉంచుకోనిస్తుంది. అందుకని దాన్ని చెరిపేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

గోడ అవతల లింగం మగ్గాల కార్ఖానా. మామను పిలుస్తూ కోడలు చేస్తున్న శోకం అతనికి వినిపించింది. గల్లీలో ఎవరైనా చనిపోతే మగ్గాలు ఆపడం అక్కడి మర్యాద. లింగం కరెంటు మెయిన్ స్విచ్ దించేశాడు. అతన్ని చూసి పక్కవాడు, అతన్ని చూసి ఎదుటివాడు. గల్లీ మొత్తం నిశ్శబ్దమైంది. సుమన వాళ్ల ఇంటికి నెట్ వచ్చేది లింగం కార్ఖానాలోని వైఫై పెట్టె నుంచే. ఆమె ఫోన్‌లో డేటా ముందురోజే అయిపోయింది. పచ్చగీత నిలిచిపోయింది.

తలుపు చప్పుడైంది. దశరథం తీశాడు. ఎదురుగా పూలదండతో లింగం, వెనక పదిమంది.

"ఎవరు పోయిండ్రు లింగం?"

లింగం దండను వెనక్కి దాచుకున్నాడు. "నువ్వేనే, దశరథమన్నా."

"నాకెవ్వరు చెప్పలేదు గదరా!"

అప్పుడే కూరగాయల సంచితో వచ్చిన అత్త భాగీరథి, గుమ్మంలో జనాన్నీ దండనూ చూసి మెట్ల మీదే కూలబడి గుండెలు బాదుకుంది. ఆమెకు భర్తను చూపించి, నీళ్లు తాగించి, వచ్చినవాళ్లకు చాయ్ పోసేదాకా సుమన "లింగం బాబాయ్, మెయిన్ ఎయ్యుండ్రి" అంటూనే ఉంది. బతికున్న మనిషిని పలకరించడంలో పడి ఎవరూ వినలేదు. లింగం మెయిన్ వేసేసరికి పన్నెండూ పది. సైటు బదులు, ఇన్నాళ్లు ఆదరించినందుకు ధన్యవాదాలని ఒక్క వాక్యం మిగిలింది.

సైటువాళ్లను బతిమాలుదామని సుమన మెయిల్ తెరిచింది. అక్కడ వాళ్ల ఉత్తరమే ముందుగా ఉంది. పది నలభైకి వచ్చింది. 'మీ బ్యాకప్ పూర్తయింది. ఫైలు సిద్ధంగా ఉంది.'

ఆమె మేడ దిగింది పదకొండుకు. సగమనుకుని చెరిపేసింది ఆ ఫైలునే.

అప్పుడు చూసింది. ల్యాప్‌టాప్ ఎదురుగా పీట వేసి ఉంది. దాని మీద దశరథం కళ్లజోడు ఉంది. ముందర మనిషి లేడని, ఆ మనిషిగా తానే కూర్చున్నాడు. గీత కొస ముట్టేదాకా చూసి, అప్పుడే మూశాడు.

"మామా, నువ్వు ఆపలే... అయినంకనే..." అంది.

"ఏందయ్యా గట్ల జూస్తవ్? పిల్లతోని ఏదన్న ఒక మాట అనరాదా?" అంది భాగీరథి.

దశరథం పీట తీసి గోడకు ఆనించాడు. కళ్లజోడు జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ నలభై రెండు పాఠాల్లో ఇలాంటప్పుడు ఏం చేయాలో చెప్పింది ఒక్కటీ లేదు. ఉన్నా, ఇప్పుడు దొరికేది కాదు.