సన్న ధారే సౌభాగ్యం!

మీ ఇంట్లో కుళాయి తిప్పగానే నీళ్లు ధారాళంగా దూకుతున్నాయా? అయితే మీ మీద నాకు జాలేస్తోంది!

నవ్వకండి. నేను గాలి కబుర్లు చెప్పడం లేదు. కూర్మన్నపాలెంలో మా పక్కింటి జగ్గారావుగారి కుళాయిల్లో ఈమధ్య ఇరవై రోజులపాటు ప్రెషర్ లేదు. ఆ ఇరవై రోజులూ ఆ ఇంట్లో వెల్లివిరిసిన క్రమశిక్షణ, స్నేహం, ఆరోగ్యం కళ్లారా చూసి రాస్తున్నాను.

ఆయన స్నానమే తీసుకోండి. షవర్ లోంచి చుక్కా చుక్కా రాలేది. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య మనిషి తన జీవితం గురించి ఆలోచించుకోవచ్చు. పళ్లు తోముకుని చెంబు కుళాయి కింద పెడితే, అది నిండేలోపు పేపరంతా చదివేసేవారు. ఇంత తీరిక ఈ రోజుల్లో ఎవరికుంది?

అసలు సంగతి చెప్పాలి. జగ్గారావు ముప్పై ఏళ్లు స్టీల్ ప్లాంటులో నీటి సరఫరా ఫోర్‌మన్. అలాంటి మనిషి ఇంట్లో నీళ్లు సన్నగా రావడమా! పరువు సమస్య. వంటింటి కుళాయి ధార కాస్త తగ్గిందని భార్య గౌరీశ్వరి చెప్పిన సాయంత్రమే, తనతో రిటైరైన ఫిట్టర్ సింహాద్రిని పిలిపించారు. సింహాద్రి డాబా ఎక్కాడు. ట్యాంకు కింది వాల్వు మూడొంతులు మూసి, 'పని జరుగుతున్నది, ముట్టరాదు' అని ఎర్ర ట్యాగు కట్టి, కింద తన పేరు రాశాడు. అంతలో కూతురికి నొప్పులొస్తున్నాయని ఫోనొచ్చింది. ఉన్నపళంగా పలాస బస్సెక్కేశాడు.

ప్లాంటు మనుషులకి ఒక రూలుంది. ట్యాగు కట్టినవాడే విప్పాలి. లోపలొకడు పనిచేస్తుండగా ఇంకొకడు వాల్వు తిప్పితే ప్రాణాలు పోతాయి మరి. చాలా మంచి రూలు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తప్పని జగ్గారావు, ఇంటి డాబా మీద తప్పుతారా?

"ట్యాంకు నిండి గోడెంట కారిపోతంది, కుళాయిలో సుక్క రాదు. ఆ వాల్వు తిప్పీండి," అంది గౌరీశ్వరి.

"ఏటే, ట్యాగు కనపళ్లేదా? సింహాద్రి కట్టినాడు, సింహాద్రే ఇప్పాలి!"

పలాసకి ఫోన్ చేసి అడిగారు కూడా. "ఫోన్లో ట్యాగు ఇప్పుతారేటి బావా? నానొచ్చి ఇప్పుతాను," అన్నాడు సింహాద్రి, మనవణ్ణి ఆడిస్తూ.

అలాగని ఊరికే కూర్చున్నారా? రోజూ సాయంత్రం డాబా మీద సమీక్షా సమావేశం! ఎలక్ట్రికల్‌లో చేసిన అర్జునరావు తప్పంతా ఓల్టేజీదన్నాడు. స్టోర్స్‌లో చేసిన దొరబాబు బోరులో నీళ్లు అడుగంటాయి, ఇంకో వంద అడుగులు దింపాలన్నాడు. ఆ మాట అంటుండగానే ట్యాంకు పొర్లి చొక్కా తడిసింది. అయినా మాట మార్చుకోలేదు. ఆటోనగర్ నుంచి మెకానిక్కొచ్చి మోటారు చూశాడు. దానికి ఏ రోగమూ లేదని చెప్పి, పకోడీలు తిని వెళ్లాడు. పక్కింటివాడిగా నేనూ రోజూ హాజరు. రెండు విడతల టీ, వేడి పకోడీలు... ప్రెషర్ బాగుంటే ఈ స్నేహబంధం ఎక్కడిది?

ఇక ఆరోగ్యం! గౌరీశ్వరి పెరట్లో బోరు దగ్గర బకెట్లు నింపి, పద్దెనిమిది మెట్లెక్కి, మేడ మీది వంటింటికి మోసేది. రోజుకి పన్నెండు బకెట్లు. మేం తాగిన టీ గ్లాసులు కడిగిందీ ఆ నీళ్లతోనే. ఏ జిమ్ములో దొరుకుతుందీ వ్యాయామం? మోకాళ్లు సలుపుతున్నాయని ఆమె రెండుసార్లు అంది. అజెండాలో లేని అంశం కాబట్టి మేమెవరం చర్చించలేదు.

ఇరవయ్యొకటో రోజు మధ్యాహ్నం జగ్గారావు కునుకు తీస్తుండగా, ఆమె కూరగాయల చాకు పట్టుకుని డాబా ఎక్కింది. ట్యాగు తాడు కోసింది. వాల్వు తిప్పింది. కిందికొచ్చి కుళాయి మూతి విప్పి, జాలీలో ఇరుక్కున్న ఇసుకని పాత టూత్‌బ్రష్‌తో దులిపింది. మొత్తం పది నిమిషాలు! సింకులో పడుతున్న నీళ్ల హోరుకి జగ్గారావు ఉలిక్కిపడి లేచారు.

సాయంత్రం యథాప్రకారం సమావేశం. పలాస నుంచి సింహాద్రి కూడా దిగాడు. ఎంతసేపటికీ టీ రాలేదు. జగ్గారావు వంటింట్లోకి వెళ్లి అలాగే నిలబడిపోయారు. వెనకాలే మేమూ తొంగిచూశాం. గ్యాస్ పొయ్యికి ఎర్ర ట్యాగు! సింహాద్రి పేరు కొట్టేసి 'గౌరీశ్వరి' అని రాసుంది.

"ఏటిది?" అన్నారు జగ్గారావు.

"నాను కట్టినాను, నానే ఇప్పుతాను," అంది ఆమె, కుర్చీలో కాళ్లు చాపుకుని. "మోకాళ్ల నొప్పి తగ్గినాక."

జగ్గారావు దిక్కుతోచక సింహాద్రి వైపు చూశారు.

"రూలు రూలే బావా," అన్నాడు సింహాద్రి నేలచూపులు చూస్తూ.

ఇది జరిగి నాలుగు రోజులైంది. జగ్గారావు రెండు పూటలా కర్రీ పాయింటు నుంచి ఇద్దరికీ భోజనం మోసుకొస్తున్నారు, ఆ పద్దెనిమిది మెట్లూ ఎక్కి. కుళాయి నిండా నీళ్లు, మా గ్లాసుల్లో చుక్క టీ లేదు!

పాఠకులారా, కూర్మన్నపాలెం చుట్టుపక్కల మోకాళ్లకి మంచి డాక్టరెవరైనా ఉంటే దయచేసి వెంటనే చెప్పండి. ఇన్నాళ్లూ అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.