పద్నాలుగు నాడాల జంతువు

జంతువులను వర్గీకరించే పండితులు కలకాలం పోట్లాడుకుంటూనే ఉండాలి! వాళ్లంతా ఒక్క మాట మీదికి వచ్చిన రోజు నాలాంటి వ్యాపారి కొట్టు మూసుకోవాల్సిందే.

నేను జంతుప్రదర్శనశాలకు బోన్లు, తొట్లు, గొలుసులు సరఫరా చేస్తాను. ఏనుగు వల్ల నాకేం లాభం? అది పుట్టినప్పుడూ ఏనుగే, పోయేటప్పుడూ ఏనుగే. నా బేరమంతా హైరాక్స్‌తోనే. కుందేలంత ప్రాణి, మొహం చూస్తే ఎలుక, గోళ్లు చూస్తే గిట్టలు. ఇంతకన్నా కలిసొచ్చే జీవి ఉంటుందా?

మొదట పండితుల కమిటీవారు దాన్ని కుందేళ్లలో కలిపారు. చెక్కపెట్టె అమ్మాను. తర్వాత ఓ ప్రొఫెసరుగారు గోళ్లు పరిశీలించి, ఇది గుర్రాల చుట్టమన్నారు. ఎంత చల్లని మాట! గుర్రానికి నాలుగు నాడాలే. దీనికి ముందుకాలికి నాలుగేసి వేళ్లు, వెనకకాలికి మూడేసి. వేలికొకటి చొప్పున పద్నాలుగు నాడాలకు ఆర్డరొచ్చింది!

చివరికి, ఎప్పుడో అంతరించిపోయిన దీని బంధువుల ఎముకలు తిరగేసి, ఇది ఏనుగుకు దగ్గరి చుట్టమని తేల్చారు. చెక్కపెట్టె తీసేయించి ఇనుప గొలుసు, మనిషెత్తు నీళ్లతొట్టి పెట్టించారు. శాస్త్రం ఎదిగితే వ్యాపారం ఎదగదా మరి?

దాన్ని బుల్లి అని పిలుచుకునే కాపరి పెద్దాయనకే ఈ ప్రగతి మింగుడుపడలేదు. నేను బిల్లుతో డైరెక్టరుగారి గదిలో ఉండగా వచ్చాడు.

"సార్, బుల్లి చలికి వణికిపోతోంది. దాని ఒంట్లో వేడి నిలవదు. ఒక్క బల్బు పెట్టించండి."

"ఏనుగుకు బల్బేమిటయ్యా? వింటే నవ్విపోతారు!"

"ఏనుగైతే నేనెందుకడుగుతాను సార్? అది నా చొక్కాలో దూరి పడుకుంటోంది."

"అయితే వర్గం మార్చమని అర్జీ పెట్టు. వచ్చే నెల కమిటీ కూర్చుంటుంది."

పెద్దాయన నావైపు తిరిగాడు. "మీ కొట్లో ఓ బల్బుంటే ఇవ్వు బాబూ."

"ఆర్డరు రానీ బాబాయ్" అన్నాను. ఆర్డరు లేకుండా సరుకు కదిలిస్తే వ్యాపారమేం కాను?

కమిటీ కూర్చునేలోపే బుల్లి చచ్చిపోయింది. అప్పుడు చూడాలి పండితుల ఐకమత్యం! దాని చోటు మ్యూజియంలో, అంతరించిన బంధువుల ఎముకల పక్కనేనని ఒక్క నిమిషంలో తేల్చేశారు. గాజుపెట్టె నేనే చేయించాను. ఈసారి సరిగ్గా దాని కొలతకే.

చూడవచ్చేవాళ్లకు బాగా కనబడాలని లోపల నాలుగు బల్బులు పెట్టమన్నారు. పెట్టాను. ఆర్డరుంది కదా!

నిన్న కాపరి వచ్చి అద్దం మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇప్పుడు వెచ్చగానే ఉంది బాబూ" అన్నాడు.